చెవితో చూచిన మూడు ఊళ్లు
(మహాసభ రెండవ దినమున చదువబడిన ఉపన్యాసము)



మమ్ము ఈ వేదికపైకి ఎక్కించుటకు ఇద్దరు యువకులు చెరియొక చేయి పట్టుకొనిరి. మెట్లు మూడే. ఆ మూడింటిని మేము నిన్న సాయంకాలమే వచ్చి కఱ్ఱతో తట్టి లెక్క పెట్టుకొని యుంటిమి. అయినను వారి యాదరమును కాదనలేక, ఇంచుమించు ఎత్తుకొని వచ్చినంత పని చేయుచున్నను ఊరకుంటిమి. గ్రుడ్డివారికి జరుగు సన్మానము చాలవఱకు ఇట్లే యుండును. ఇది నిందగా చెప్పుట కాదు. ఆ యువకు లెవరి బిడ్డలో మేమెఱుగము గాని వారి చేతులు మగ్గము చేతులు. అది మాత్రము తెలిసినది, సంతోషించితిమి.

ఆహ్వానసంఘమువారు తమ జాబులో మమ్ము రాజకీయములను గూర్చియో, ఆటలను గూర్చియో, స్వవిషయములను గూర్చియో, ఏదైన నొకటి మాటలాడుమని కోరిరి. చాలకాలము రేడియోలో మాటలాడినవానికి విషయము కొఱత యుండదని వారి నమ్మకము. మా జీవితమున ఈ మూడును వేఱువేఱుగా ఎన్నడును లేవు గనుక మూటిని కలిపియే చెప్పెదము. చివర ఒక మనవి యున్నది. ఆ మనవి కొఱకే ఈ ప్రయాణము చేసితిమి.

మేము ధర్మవరమున ఒక గుంటమగ్గము ప్రక్కన పుట్టితిమి. మూడవయేట తట్టు వచ్చి చూపు పోయెను. చూచిన జ్ఞాపకము లేదు గనుక పోయినదన్న దుఃఖమును మేమంతగా నెఱుగము. ఆ దుఃఖము మా తల్లిది. మాకు మొదట తెలిసిన లోకము నాడె చప్పుడు. నాడె కుడినుండి యెడమకు పోవునపు డొక ధ్వని, తిరిగి వచ్చునపు డొక ధ్వని, వెంటనే అచ్చు వచ్చి పేకను కొట్టు ధ్వని. మా వీధిలో ఏ మగ్గ మెవరిదో, దానిపై కూర్చున్నది తండ్రియో కొడుకో, ఇంటిలోనుండియే చెప్పువారము. పోగు తెగినచో చప్పు డాగును, తిట్టు వినబడును, మరల చప్పుడు మొదలగును. మాకు చేతనైన పని కండెలు చుట్టుట. రాట్నము ముందు కూర్చుండబెట్టిరి. తొమ్మిదవయేటి వఱకు అదే మా బడి, అదే మా ఆట.

అంతలో ఒక పెద్దమనిషి, మన కులమువాడు కాడు, మా తండ్రిగారితో రెండు దినములు పోట్లాడి మమ్ము అంధుల పాఠశాలకు కొనిపోయెను. ఆఱు చుక్కల లిపి నేర్చితిమి. లూయీ బ్రెయిలీ యను ఫ్రెంచి బాలుడు, తానును చిన్ననాటనే చూపు కోల్పోయినవాడు, 1824 ప్రాంతమున పదునైదేండ్ల వయసున కట్టిన లిపి యది. మన అచ్చులు, హల్లులు అన్నియు ఆ యాఱు చుక్కలలోనే యిముడును. కండెలు చుట్టి మొద్దుబాఱిన వ్రేళ్లకు ఆ చుక్కలు అందుటకు ఆఱు నెలలు పట్టెను. మొదటిమాఱు మా పేరును మేము తడవి చదువుకొన్న దినము నేటికిని జ్ఞాపకమున్నది.

తరువాతి కథ పొడవైనది, దానిని దాటుదము. రేడియోలో మాకు ప్రవేశము కలుగుటకు కారణము కంఠము గాదు, భయము లేకుండుటయే. కన్నులున్నవారు మైకు ముందు కూర్చుండి, ఎదుట మనుష్యుడు లేడని తొట్రుపడుదురు. మాకు ఎదుట మనుష్యుడు కనబడుట ఎన్నడును లేదు. మాట పోయి యెచటనో ఎవరి చెవినో తగులునన్న విశ్వాసముతోనే మే మెల్లప్పుడును మాటలాడుచున్నాము. రేడియో మాకు ఇంటివలెనే యుండెను. దృష్టి మాంద్యముచేత బడి చదువు సాగక ఫిడేలు చేపట్టిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి వాద్యమును రేడియోలో విని మురిసినవారిలో ఎందఱకు ఆ సంగతి తోచియుండును? ఆంగ్లదేశపు బీబీసీలో పుట్టంధుడైన పీటర్ వైట్ 1974 మొదలు అంధులకై యేర్పడిన కార్యక్రమమును నడుపుచు ప్రసిద్ధికెక్కెను. గాలిలో పోవు మాటకు కన్నుల లెక్క లేదు.

శ్రోతల జాబులను గూర్చి యొక మాట. ఒకాయన ప్రతి ప్రసంగము తరువాతను మా యుచ్చారణలోని తప్పులను వరుసగా వ్రాసి పంపుచుండెడివారు. శకారమునకు సకారము పలికితిమనియు, ఒత్తులు మ్రింగితిమనియు దండించుచుండిరి. ఎవరో ఆయనతో మేము గ్రుడ్డివారమని చెప్పిరట. అటు తరువాత ఆయన వ్రాసిన జాబు నిండ ప్రశంసలే. మా తప్పులు తగ్గినవా యనిన తగ్గలేదు. ఆ మొదటి జాబులను మేము భద్రపఱచుకొంటిమి. కడపటి దానిని భద్రపఱచలేదు.

ధర్మవరము మా పుట్టినిల్లు, పెనుకొండ మా యత్తవారిల్లు, హిందూపురము మా కాపురము. ఈ మూడు ఊళ్లను ఒకే రైలు దారి కుట్టినది. మాకు కిటికీ అక్కఱలేదు. 1565లో తళ్లికోట యుద్ధము చెడిన పిమ్మట విజయనగర ప్రభువులు వచ్చి యాశ్రయించిన పెనుకొండ, నేడు రైలుకూతను త్రిప్పి పంపును. దానితో మా యత్తవారి యూరు వచ్చినదని తెలియును. హిందూపురమును చింతపండు, బెల్లము వాసనలు ముందుగనే చెప్పివేయును. 2019 మొదలు మఱియొక గుఱుతు చేరినది. పెనుకొండ చేరువనున్న ఎఱ్ఱమంచి వద్ద కియా కార్ల కర్మాగారము వెలసిన పిమ్మట, తెలుగు, కన్నడము, దక్కనీ ఉర్దూ తప్ప వినబడని మా రైలుపెట్టెలో అప్పుడప్పుడు కొరియా భాష వినబడుచున్నది. ఏటికి మూడు లక్షల కార్లు చేయగల కర్మాగారమట. మా బావమఱది కుమారు డందు చేరెను. నేతవాని బిడ్డ కార్లు బిగించుచున్నాడని మా మామగారు మొదట చిన్నబుచ్చుకొనిరి. నెల జీతము వచ్చిన పిదప ఆ మాట యెత్తలేదు.

మగ్గముల సంగతి యన్నచో నేను, మీరు అను భేదము లేదు, అందఱి కడుపు మాటయే. 1985లో కేంద్ర ప్రభుత్వము చేసిన చట్టమున జరీయంచు చీరలు మొదలగు కొన్ని రకములను చేమగ్గమునకే ప్రత్యేకించిరి. మరమగ్గముపై వానిని నేయరాదు. చట్టము మంచిదే. అయితే మేము ధర్మవరమునకు పోయినపుడెల్ల రాత్రి భోజనానంతరము వీధిలో నడచుట యలవాటు. చేమగ్గపు చప్పుడు మనుష్యుని యూపిరివలె ఒకమాఱు వేగముగా, ఒకమాఱు నెమ్మదిగా నుండును. మరమగ్గపు చప్పుడు అలుపులేని యొకే పోటు. మూసిన తలుపుల వెనుక ఏ చప్పుడు పెరుగుచున్నదో, ఏది తగ్గుచున్నదో తెలిసికొనుటకు అధికారి కావలసిన పనిలేదు, గ్రుడ్డివాడు చాలును. ఆ తలుపుల వెనుకనున్నవారిలో మనవారును గలరు. ఈ మాట సభలో చెప్పవలదని మాకు ముందుగనే యొకరు చెవిలో చెప్పిరి. చెప్పినవారి మేలు కోరియే చెప్పుచున్నాము: చేమగ్గపు చీర యని యమ్మి మరమగ్గపు చీర నిచ్చుట, కొన్న యిల్లాలిని గ్రుడ్డిదానినిగా నెంచుటయే గదా.

2019 డిసెంబరులో నేతన్న నేస్తమను పథకమును ఆనాటి ప్రభుత్వము మా ధర్మవరముననే ప్రారంభించి, సొంత మగ్గమున్న కుటుంబమునకు ఏటికి ₹24,000 ఇచ్చెను. ఆ సొమ్ము కొందఱి యప్పులు తీర్చినది, సందేహము లేదు. ప్రభుత్వములు మాఱును, పథకముల పేర్లు మాఱును. నూలు ధర, పట్టు ధర మాత్రము ఏ ప్రభుత్వమును అడిగి పెరుగవు.

హిందూపురమువారు మమ్ము క్షమింతురు గాక. 2022 ఏప్రిల్ 4వ తేదీన శ్రీ సత్యసాయి జిల్లా యేర్పడి, పుట్టపర్తి కేంద్రమైనపుడు, హిందూపురమే కేంద్రము కావలెనని పట్టణమంతయు కోరెను. ఆ విన్నపముపై మా సంతకమును గలదు. మా యింటిదానిదియు గలదు. నేటికిని అది న్యాయమైన కోరికయే యందుము. కాని కచ్చేరి ఏ యూర నున్నను, అందు గ్రుడ్డివాని యనుభవ మొకటే. ఎత్తైన మెట్లు, ఏ గవాక్షము వద్ద నిలువవలెనో చెప్పువాడుండడు, గోడకు నంటించిన ప్రకటన చూచుకొమ్మని కసరువాడుండును. వైకల్య ధ్రువపత్రమునకై సదరం శిబిరమున మేము గడపిన దినములలో, మా చూపును పరీక్షించువఱకు పిలువబడిన మా సంఖ్యను ఎవరును బిగ్గరగా చదువలేదు, పలకపై వ్రాసిరట. అంధుల వరుసలో సంఖ్యను పలకపై వ్రాయుట! కోపము రాలేదు, నవ్వు వచ్చెను. ఇంటికి వచ్చిన పిదప కోపము వచ్చెను. 2024 జూలై నుండి వికలాంగుల పింఛను ₹6,000 అయినది. పెంచినవారికి నమస్కారము. సంఖ్యను బిగ్గరగా చదువుటకు బడ్జెటు అక్కఱలేదు.

ఇక ఓటు. గ్రుడ్డివానికి గొంతునుబట్టి నిజము, అబద్ధము తెలియునని లోకమున నొక నమ్మక మున్నది. కాదు. మేము అందఱివలెనే మోసపోయితిమి, ఒక్కొక్కమాఱు అందఱికంటె ముందుగ మోసపోయితిమి, ఏలయన మంచి కంఠమునకు లొంగుట మా దౌర్బల్యము. కాగితపు ఓట్ల కాలమున మా వెంట ఓటువేయుటకు వచ్చువాడు వరుసకు బావ. మేము గుర్తు చెప్పుదుము, ఆయన ముద్ర వేయును. రహస్యము కాపాడుదునని సంతకము చేయవలెను, చేసెను. కొన్నియేండ్ల పిదప ఒక పెండ్లి విందులో, తాంబూలము వేసికొనుచు, "బావా, ఆనాడు నీ ఓటుగూడ మావాళ్లకే వేసితిని, ఏమనుకొనకుము" అనెను. విస్తళ్ల ముందున్నవారందఱు నవ్విరి. మేమును నవ్వితిమి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా బావ దుర్మార్గుడు కాడు. మాకు జ్వరము వచ్చినపుడు భుజముపై వేసికొని ఆసుపత్రికి పరుగెత్తినవాడు. మా యోటు మాదన్న సంగతి ఆయనకు తోచలేదు, అంతియే.

2004లో మన తెలుగుదేశముననే, హైదరాబాదులోని ఆసిఫ్‌నగర్ ఉపయెన్నికలో, ఓటు యంత్రముపై బ్రెయిలీ అంకెలను మొదట పరీక్షించిరి. 2009 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతట యంత్రములపై ఆ చుక్కలు వెలసినవి. ఆ యేడు ఏప్రిల్ నెలలో హిందూపురమున మేము ఒంటరిగా తెఱ వెనుకకు పోతిమి. ముందుగా అధికారి యిచ్చిన బ్రెయిలీ కాగితమున అభ్యర్థుల పేర్లు చదువుకొంటిమి. యంత్రమున మీటల ప్రక్క చుక్కలను తడవితిమి, లెక్కించితిమి, ఒత్తితిమి. పొడుగైన కూత వినబడెను. బయట మా యింటిది నిలుచుండి, ఎవరికి వేసితిరని యడిగెను. చెప్పలేదు. ఇంటికి వచ్చువఱకు అడుగుచునే యుండెను. చెప్పకుండుటలో నింత సుఖమున్నదని మే మదివఱకెఱుగము.

అయితే పూర్తి యైనదా యనిన, కాలేదు. 2019 ఎన్నికలనుండి ప్రతి యంత్రము ప్రక్కను వీవీప్యాట్ పెట్టె యున్నది. మనమొత్తిన గుర్తు చీటీపై ఏడు సెకండ్లు కనబడి పెట్టెలో పడునట. ఆ యేడు సెకండ్లు కన్నులున్నవారివి. మేము కూతను మాత్రమే నమ్మి వెనుదిరుగవలెను.

ఆటల సంగతికి వత్తము. గ్రుడ్డివానికి క్రికెట్టు ఏమి తెలియునని మమ్మడిగినవారు చాలమంది. జింబాబ్వే దేశమున డీన్ డుప్లెసీ యను నొకాయన గలడు. పుట్టుకతోనే కంటిపాపల వెనుక గడ్డలు లేచి చూపు లేనివాడు. 2001 మొదలు అంతర్జాతీయ పోటీలకు రేడియోలో వ్యాఖ్యానము చెప్పెను. వికెట్ల చెంతనున్న మైకులో బౌలరు అడుగుల చప్పుడు, ఈడ్పు, మూల్గు విని బంతి వేయుచున్న దెవరో చెప్పును. బ్యాటును తాకిన ధ్వనినిబట్టి బంతి యెటు పోయినదో చెప్పును. మాకిది వింతగా తోచలేదు. మగ్గపు చప్పుడు విని నేతగానిని పోల్చినవానికి బౌలరును పోల్చుట యేమంత కష్టము?

అంధులే ఆడు క్రికెట్టు వేఱుగ గలదు. గట్టి ప్లాస్టికు బంతిలో చిన్న ఇనుపగుండ్లు వేయుదురు, దొర్లునపుడు గలగలలాడును. బౌలరు చేయి క్రిందుగా విసరును. విసరుటకు ముందు సిద్ధమా యని యడుగవలెను, బ్యాట్స్‌మన్ అవునని బదులీయవలెను, అటుపిమ్మటనే బంతి కదలవలెను. మన శాసనసభలలో గూడ నీ నియమ మున్న బాగుండునని మాకు తోచుచుండును. పదునొకండుగురిలో నలుగురైన పూర్తిగా చూపులేనివారుండవలెను; వారు చేసిన పరుగు రెండింతలుగా లెక్కింతురు. ఇందు దయ లేదు, లెక్క మాత్రమే యున్నది. మన రాష్ట్రమువాడైన ఇల్లూరి అజయ్‌కుమార్ రెడ్డి భారత అంధుల జట్టుకు నాయకుడై ప్రపంచ కప్పులు గెలిచి, 2023 సంవత్సరపు అర్జున పురస్కారము పొందెను.

ఇక మన జిల్లా బిడ్డ. అమరాపురము మండలమున, ఒకప్పుడు నొళంబరాజుల రాజధానియైన హేమావతి చేరువ, కర్ణాటకపు సరిహద్దున తంబలహట్టి యను పల్లె గలదు. ఆ పల్లెలో కూలి చేసికొను కుటుంబమున పుట్టిన టి.సి. దీపిక శైశవముననే చూపు కోల్పోయెను. ఆమె నాయకురాలుగా భారత మహిళల జట్టు, అంధ మహిళలకు మొదటిసారిగా జరిగిన టీ20 ప్రపంచ కప్పును 2025 నవంబరు 23న కొలంబోలో నేపాలును ఏడు వికెట్లతో ఓడించి గెలిచెను. ఆ సాయంకాలము మేము ఫోను చెవికానించుకొని కూర్చుంటిమి. మా యింటిది వంట మాని వచ్చి ప్రక్కన కూర్చుండెను. గెలుపు వినిన పిదప ఆమె యేమియు మాటలాడలేదు. ముక్కు చీదుకొన్న చప్పుడు మాత్రము వినబడెను.

డిసెంబరులో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్‌గారు ఆ జట్టును పిలిచి సన్మానించి ధనసాహాయము చేసిరి. అప్పుడు దీపిక తన యూరికి సరియైన దారి లేదని విన్నవించెను. రోడ్డు మంజూరయ్యెను. అడిగిన బిడ్డకును, విన్నవారికిని మా యభినందనలు. కాని యొక పల్లెకు రోడ్డు పడుటకు, ఆ పల్లె గ్రుడ్డిపిల్ల సముద్రము దాటి పోయి ప్రపంచ కప్పు తేవలసివచ్చెను. మన జిల్లాలో రోడ్డులేని పల్లెలెన్ని? వాని కన్నిటికి కప్పులు తెచ్చు బిడ్డ లెచటనున్నారు?

ఇప్పుడు స్వవిషయము. మా పెండ్లినాడు పెనుకొండవారు మా చూపును గూర్చి యడుగలేదు. మగ్గములెన్ని యని యడిగిరి. మగ్గములు రెండని మా తండ్రిగారు చెప్పిరి. నిజమున కొకటే, రెండవది కుదువలో నుండెను. ఈ సంగతి మా యింటిది నేటికిని మఱువలేదు, చూపు సంగతి మాత్రము ఎన్నడును ఎత్తలేదు. ముప్పదియేండ్లుగా ఉదయమున పత్రిక చదివి వినిపించుచున్నది. మనవారి మరణవార్తలను, నేతగాండ్ర ఆత్మహత్యలను దాటవేయును. దాటునపుడు కొంచెముసేపు ఊపిరి పట్టును. ఆ యూపిరినిబట్టి మాకు వార్త తెలియును. ఇప్పటి ఫోను పత్రికనంతయు తానే చదువును, ఏదియు దాటవేయదు. అయినను మేము ఆమె చదివినదే విందుము.

ఆమెయే మమ్ము ఈ మనవికి పురికొల్పినది. ధర్మవరమున మా పుట్టిన వీధిలో, మన కులమువారి యింట, పదునొకండేండ్ల బాలిక గలదు. పేరు చెప్పము. పుట్టుకతో చూపు లేదు. తలుపు దగ్గఱ రాట్నము ముందు కూర్చుండి కండెలు చుట్టుచుండును. మేము ఆ దారిన పోవునపుడు కఱ్ఱ చప్పుడు విని, "తాతా, ఈరోజు రేడియోలో ఏం చెప్పినావు?" అని యడుగును. మేము చెప్పుదుము, నవ్వును, ముందుకు పోవుదుము. మూడేండ్లుగా నిట్లే ముందుకు పోవుచున్నాము. ఆ రాట్నము చప్పుడు మా రాట్నపు చప్పుడే. అయినను ఆమె తండ్రిని ఒక్కమాట యడుగలేదు. పొరుగువాని యింటి సంగతి మనకేల యనుకొంటిమి. మమ్ము పాఠశాలకు కొనిపోయిన పెద్దమనిషి అట్లనుకొనలేదు. కొలంబో వార్త వచ్చిన రాత్రి మా యింటిది యడిగినది: "ఆ పిల్లకు ఎవరు పోట్లాడుదురు?" బదులు చెప్పలేకపోతిమి.

మొన్న పోయి యడిగితిమి. తండ్రి చెడ్డవాడు కాడు. "బడికి పంపితే కండెలెవరు చుట్టుతారన్నా? కూలి పెట్టుకొనే స్థితి నాకు లేదు. చదివినా ఎవరు చేసుకొంటారు? ఆడపిల్లను అంతదూరము హాస్టలులో ఎట్లా విడిచిపెట్టేది?" అనెను. మూడు ప్రశ్నలును న్యాయమైనవే. రెండవదానికి మా యొద్ద బదులు లేదు. మూడవదానికి, ఆ పాఠశాలను మేము చూచి వత్తుమంటిమి. గ్రుడ్డివాడు చూచి వచ్చుట యేమని ఆయన నవ్వలేదు, తానును వత్తుననెను. మొదటిదానికి బదులు ఈ సభలో నున్నది.

మన సంఘమునకు విద్యానిధి గలదు. ఏటేట బాలురకు వేతనములిచ్చుచున్నారు, ఆ జాబితా ఈ సంచికలోనే అచ్చుపడును. ఇన్నియేండ్ల జాబితాలను మా యింటిదానిచేత చదివించుకొంటిమి. అందు చూపులేని బిడ్డ పేరు ఒక్కటియు లేదు. మన నియమావళిలో వద్దని వ్రాయలేదు, ఎవరును అడుగలేదు. ఇప్పు డడుగుచున్నాము. ఆ బాలిక చుట్టు కండెలకు ఒక మనిషిని పెట్టుకొనుటకు అగు కూలిని, ఆమె చదువు ముగియువఱకు, నిధినుండి ఆ యింటికి ఇప్పించుడు. పుస్తకములు, బట్టలు, రైలు ఛార్జీలు మేము పెట్టుకొందుము. కార్యవర్గము వారు రేపటి సమావేశమున దీనిని చర్చింతుమనిరి. చర్చించునపుడు చేతులెత్తించి తీర్మానించుట మన వాడుక. ఎన్ని చేతులు లేచెనో మాకు కనబడదు. గావున అనుకూలురు నోటితో పలుకవలెనని ప్రార్థించుచున్నాము.

ఆమె తండ్రి ఈ సభలోనే, మాకు కుడిచేతి వైపున ఎచటనో కూర్చుండెను. బాలిక రాలేదు. పట్టు వచ్చినదట, కండెలు తెమలలేదట. ఎల్లుండి ఉదయపు రైలుకు మేము ధర్మవరము పోవుచున్నాము. మాతో వచ్చు పెద్దలెవరైన నున్నచో స్టేషనులో కఱ్ఱ చప్పుడునుబట్టి మమ్ము గుర్తింపవచ్చును.